మైకు బాబాయ్ పంపిన పాట

మా పేటలో పాడేవాళ్లకి ఎక్కడినుంచి ఏ ఉత్తరం వచ్చినా, సంతకం పెట్టేముందు మైకు బాబాయ్‌కి చూపిస్తారు. ఈ ఆనవాయితీ నాతో మొదలైంది. గొప్పగా చెప్పుకునే మొదలేం కాదు గానీ, ఆయన గురించి చెప్పాలంటే నా తెలివితక్కువతనం గురించీ చెప్పాలి.

నలభై ఏళ్లుగా పాటలు రికార్డు చేస్తున్నారాయన. తను మాత్రం ఒక్క ముక్క పాడరు. తన గొంతు సంగతి తెలుసు కాబట్టే మైకుకి ఇవతల కూర్చున్నానంటారు. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. పిన్ని నడిపే కుట్టు దుకాణం మీద ఒకే ఒక్క గది. గోడలకి దుప్పట్లు, కిటికీకి పాత పరుపు. పాట మొదలయ్యే ముందు బాబాయ్ మడమతో నేలమీద రెండుసార్లు తడితే, కింద పిన్ని మిషన్ ఆపేస్తుంది. బట్టలు ఆలస్యమయ్యాయని గొడవకొచ్చిన ఒకాయనతో, పైన చరణం అయితేగానీ మీ చొక్కాకి చేతులు రావని చెప్పిందట.

ఆయనకి ఇంకో అలవాటుంది. రికార్డింగు అయిపోయాక అందరినీ బయటికి పంపేసి, ఖాళీ గదిని ఒక్కదాన్నే రెండు నిమిషాలు రికార్డు చేస్తారు. పాటలో ఎక్కడైనా కత్తిరించి అతికితే, ఆ అతుకు తెలియకుండా మధ్యలో ఆ నిశ్శబ్దం వేస్తారట. మొదటిసారి చూసినప్పుడు మనిషికి కాస్త తేడా ఉందేమో అనుకున్నాను.

నేను కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తాను. రెండేళ్లపాటు సెలవురోజుల్లో ఆ గదిలో ఎనిమిది పాటలు పాడాను. అన్నీ నేను రాసుకున్నవే. నాలుగోది మా అక్క పోయాక రాసింది. ఇంటర్నెట్‌లో పెడితే, విన్నవాళ్లని వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. అందులో సగం చుట్టాలు.

అలాంటిది ఒకరోజు పొద్దున్నే ఏదో సంగీత కంపెనీ నుంచి మెయిల్. నా గొంతు వాళ్లని కదిలించిందట, ఇంత ప్రతిభ అరుదట, లక్షలమందికి వినిపిస్తారట. నా కాళ్లు నేలమీద ఆనలేదు. ఇంట్లో నాలుగుసార్లు, బస్సులో రెండుసార్లు చదువుకున్నాను. దాంతోపాటు ఒప్పందం కాగితాలు. ప్రచారానికి రుసుము ముందే కట్టాలి, సాయంత్రంలోగా సంతకం చేయాలి, లేకపోతే అవకాశం ఇంకొకరికి పోతుంది. సంతకం చేసేశాను కూడా. అసలు రికార్డింగులు కూడా జతచేయమన్నారు, అవి బాబాయ్ దగ్గరున్నాయి కాబట్టి ఇంకా పంపకుండా ఆగాను. మధ్యాహ్నం తిండి మానేసి పరుగెత్తాను.

ఎగిరి గంతేస్తారనుకుంటే, బాబాయ్ కళ్లజోడు సర్దుకుని ఆ కాగితాలు పావుగంట చదివారు. నాకు ఒళ్లు మండింది. ఓర్వలేకపోతున్నారని కూడా అనుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆయన ఏడో పేజీ మీద వేలు పెట్టారు. ఎనిమిది పాటలూ శాశ్వతంగా వాళ్లవి. వాళ్ల అనుమతి లేకుండా వాటిని నేను ఎక్కడా పాడకూడదు. అక్క పాట కూడా. పొద్దస్తమానం ఊరందరికీ చూపు సరిచేసే నాకు ఏడో పేజీ కనబడలేదు.

అయినా నేను దిగిరాలేదు. పెద్ద కంపెనీలు ఇలాగే రాస్తాయేమోననీ, వాళ్లకి నా పాట నచ్చింది కదా అనీ వాదించాను.

"నచ్చిందని రాశారు, ఏం నచ్చిందో రాయలేదు. నీ పేరు తీసేసి ఇంకొకరి పేరు పెట్టు, ఆ ఉత్తరం ఏమన్నా చెడుతుందా?" అన్నారు. "అడగందే అమ్మయినా పెట్టదంటారు. వీళ్లు అడక్కుండానే పీట వేసి, భోజనం ఖర్చు నీ దగ్గరే వసూలు చేస్తున్నారు. సరే, ఇంకో పాట పంపి చూద్దాం."

ఏ పాటో చెప్పలేదు. కంప్యూటర్‌లో ఏదో వెతికి, దానికి 'కొత్త పాట' అని పేరు పెట్టి, అభిప్రాయం చెప్పమంటూ నా మెయిల్ నుంచే పంపించారు. పిన్ని టీ తెచ్చేలోపే జవాబొచ్చింది. ఇది ముందువాటికన్నా అద్భుతమట, నా గొంతు గుండెని తాకిందట, పల్లవి జనం నోళ్లలో నానుతుందట.

బాబాయ్ హెడ్‌ఫోన్లు నా చెవులకి తగిలించి ఆ పాట పెట్టారు. ఏమీ వినబడలేదు. శబ్దం పెంచారు. దూరంగా ఏదో మోటారు హోరు, అంతే. ఆయన పంపింది ఖాళీ గదిని.

ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. మునగచెట్టు ఎక్కించారని తెలిశాక కూడా దిగడం కష్టంగానే ఉంటుంది. రెండేళ్లకి నాకొచ్చిన ఒకే ఒక్క మెచ్చుకోలు ఖాళీ గదికీ వచ్చింది. అంటే నా పాటలు ఎవరూ వినలేదన్నమాట. ఆ మాటే బాబాయ్‌తో అనేశాను.

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టారు.

"నాలుగో పాట రెండో చరణంలో, తలుపు తీసే ఉంచానన్న చోట నీ ఊపిరి తెగింది. లెక్క ప్రకారం అది తప్పు. కోసేద్దామని మూడుసార్లు కూర్చున్నాను తల్లీ. చెయ్యి రాలేదు."

అక్కడ నా ఊపిరి తెగిందని నాకే తెలియదు. లక్షలమంది సంగతి దేవుడెరుగు, నా పాటని అంత శ్రద్ధగా విన్న మనిషి రెండేళ్లుగా నా ఎదురుగానే కూర్చున్నారు. ఈ మేలు జన్మలో మరిచిపోను. ఇప్పుడు నన్నెవరు పొగిడినా, ఏ పాటలో ఏ చోట నచ్చిందని అడుగుతాను. చెప్పలేనివాళ్లకి ఇంక జవాబివ్వను.

ఆ సాయంత్రం దుకాణం మూసి ఇంటికి నడుస్తూ అక్క పాట పాడుకున్నాను. తలుపు తీసే ఉంచానన్న చోట ఊపిరి మళ్లీ తెగింది. ఎవరి అనుమతీ అడగకుండా, ఆఖరిదాకా పాడాను.