బొండాంలో ఫెర్రిటిన్

ఆ రోజుల్లో నాకు ఇనుము మీద ఉన్న నమ్మకం మనుషుల మీద కూడా ఉండేది కాదు. మన ఒంట్లో ఇనుమును దాచిపెట్టే ఫెర్రిటిన్ అనే ప్రొటీన్ ఒకటుంది. కణాల చేత దాన్ని ఎక్కువగా తయారు చేయిస్తే, అవి ఎమ్మారై బొమ్మలో పక్క కణాల కంటే నల్లగా కనిపించాలి. (కనిపించాలని పుస్తకాల్లో ఉంది.) ఏళ్ళ తరబడి నేను హైదరాబాదులో పెంచిన కణాలు మాత్రం నల్లబడనే లేదు. "ఈ నెలలో బొమ్మ చూపించకపోతే ఈ టాపిక్ వదిలేద్దాం" అని మా పీహెచ్‌డీ గైడు గారు తేల్చేశారు. అక్కడి ఎమ్మారై మిషను ఖాళీ లేదు. చివరికి అమలాపురంలో స్కానింగ్ సెంటర్ నడిపే మా బాబాయి గారు గుర్తొచ్చారు.

పేషెంట్లు లేని ఆదివారం చూసి, ఐసుపెట్టెలో రెండు గొట్టాలతో దిగాను. కుడి పక్కన పెట్టాల్సింది ఫెర్రిటిన్ కణాలది, ఎడమ పక్కది మామూలు కణాలది. చుట్టూ నీళ్ళుంటేనే బొమ్మ బాగా వస్తుంది. అందుకని తెచ్చిన డబ్బా కాస్తా బస్సులో పగిలింది. నేను తల పట్టుకున్నాను.

"డబ్బా లేకపోతే బొండాం లేదేంట్రా?" అన్నారు బాబాయి. దొడ్లోంచి ఒకటి దింపించి, పైన చెక్కి, గొట్టాలు రెండూ అందులో గుచ్చి, పేషెంటు తల పెట్టే చోట తువ్వాలు చుట్టి నిలబెట్టారు. మిషను దడదడలాడుతుంటే నేను తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

బొమ్మ రాగానే వాచ్‌మన్‌తో సహా అందరూ మూగారు. "పీచు, చిప్ప, లేత కొబ్బరి... ఎంత బాగా వచ్చిందో చూసేరా అండీ!" అని రిసెప్షన్‌లో కూర్చునే అక్కగారు మురిసిపోయారు.

"మన గొట్టాలేవండీ బాబాయ్?"

"అవిగోరా, మధ్యలో."

రెండూ ఒకే బూడిద రంగు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. అదే బూడిద. నా కష్టమంతా అందులో కలిసిపోయినట్టనిపించి ఏడుపొచ్చింది. "ఒకటి కాస్త నలుపు కదండీ?" అని అక్కగారిని బతిమాలినట్టు అడిగాను.

"ఆయ్, ఎడం పక్కది నలుపేనండి" అన్నారావిడ జాలిగా.

బాబాయి ఇంకో బొండాం కొట్టించి చేతిలో పెట్టారు. ఏడుస్తూనే తాగాను. ఆ నెలలోనే టాపిక్ పోయింది, దాని వెనకే నా పీహెచ్‌డీ కూడా. ఇప్పుడు అమలాపురం దగ్గరే కొత్తపేటలో పిల్లలకు సైన్సు చెప్పుకుంటున్నాను.

ఆ బొమ్మకు బాబాయి ఫ్రేము కట్టించి సెంటర్ గోడకు తగిలించారు. మొన్న మోకాలి నొప్పితో అక్కడికి వెళ్తే, కొత్తగా చేరిన టెక్నీషియన్ "ఎవరు తీసేరో గానండి, కొబ్బరి పొరలు భలే తేలేయండి" అన్నాడు. అతను అటు తిరగగానే కళ్ళజోడు సర్దుకుని, కుడి పక్క గొట్టం ఇన్నాళ్ళకైనా కాస్త నల్లబడిందేమోనని దగ్గరికి వెళ్ళి చూసుకున్నాను.