సూది మీదికి పోతదని

కరోనా టీకా వేస్తున్న రోజుల్లో, మా తోటికోడలిని చేయి పట్టుకొని ఆర్మూర్ దవాఖానకు తీసుకెళ్లింది నేనే. ఆమెకు పెళ్లయి ఎక్కువ కాలం కాలేదు, ఇంకా పిల్లల్లేరు. నా మరిది దుబాయిలో ఉంటాడు. ఆ టీకా వేసుకుంటే కడుపు పండదని మా వాడకట్టులో పుకారు. మా అత్తమ్మ వద్దంటే వద్దంది.

"గవన్నీ ఉత్త మాటలు అత్తమ్మా. ఏమన్నైతే నేను జిమ్మేదార్" అన్నాను.

తర్వాతి నెల ఆమెకు డేట్ ఆలస్యంగా వచ్చింది. వచ్చింది ఆగలేదు. వంటింట్లో నా పక్కకొచ్చి మెల్లగా అడిగింది.

"అక్కా, సూదితోనేనా గిట్లైతున్నది?"

"ఒకటి రెండు నెలలు అటూ ఇటూ అయితదట. అదే సర్దుకుంటది. అత్తమ్మకు చెప్పకు, సూది మీదికి పోతది."

సూది మీదికి కాదు, నా మీదికి వస్తుందని నా భయం.

అది సర్దుకోలేదు. అత్తమ్మ లేవకముందే ఆమె బట్టలు ఉతుక్కోవడం చాలాసార్లు చూశాను. చూసి లోపలికి వెళ్లిపోయేదాన్ని. ముఖం పాలిపోయింది. "మంచిగున్నవా?" అని అడిగేదాన్ని. అవుననే చెప్పాలన్నట్టు ఉండేది నా అడగడం. అవుననే చెప్పేది.

పసుపు ఉడకబెట్టే కాలం వచ్చింది. ఒకరోజు కల్లంలో వేడి కొమ్ములు ఎండబోస్తూ వాటి మీదే పడిపోయింది. ఆటోలో వేసుకొని దవాఖానకు పరుగెత్తాం. దారి పొడుగునా అత్తమ్మ నన్నే తిట్టింది. "నీ సూదే దీని పానం మీదికి తెచ్చింది!"

స్కానింగ్ చూసి డాక్టరమ్మ చెప్పింది: "గర్భసంచిలో గడ్డ ఉందమ్మా. టీకాతో గడ్డలు రావు. టీకా వల్ల డేట్ కొన్నాళ్లు మారొచ్చు, పిల్లలు పుట్టడానికి దాంతో అడ్డేం లేదు. కానీ ఇన్ని నెలల నుంచి బ్లీడింగ్ అవుతుంటే ఎందుకు రాలేదు? ఒంట్లో రక్తమే లేదు."

తోటికోడలు నా వైపు చూడకుండానే అంది, "నాకే సిగ్గనిపించింది మేడమ్."

బయటికొచ్చాక అత్తమ్మ నా చేయి పట్టుకుంది. "నిన్ను ఉత్తగనే అన్న బిడ్డా, మనసుల పెట్టుకోకు."

ఆటోలో తిన్న తిట్లకన్నా ఆ మాటే నన్ను ఎక్కువ కోసింది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేదు.

రక్తం ఎక్కించారు, గడ్డ తీశారు. కోలుకుంది. మరిది సెలవుకు వచ్చి వెళ్లాక నెల తప్పింది, పాప పుట్టింది. పాపకు నీళ్లు పోస్తున్న ఒక పొద్దున, ఉండబట్టలేక అన్నాను.

"నా భయానికి నిన్ను ఆగం చేసిన చెల్లె."

"అత్తమ్మకు చెప్పకు అన్ననాడే నాకు ఎర్కైంది అక్కా" అంది, పాప తల తుడుస్తూ. "మరి ఇంకెవల్ని అడుగుదు? గీ ఇంట్ల అడగనీకి నాకు నువ్వొక్కదానివే ఉంటివి."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.