పత్తి గోదాములో వా పెడల్

కొంతకాలంగా ఒకే భయంతో గడుపుతున్నాను. నా చెవులు పోతున్నాయేమోనన్న భయం. అది మొదలైంది ఒక వా పెడల్ దగ్గర.

ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాడు పాదం కింద పెట్టుకొని, కుట్టుమిషను తొక్కినట్టు ముందుకూ వెనక్కూ ఊపే ఇనుప పెట్టెను వా పెడల్ అంటారు. మడమ వైపు నొక్కితే గిటార్ మూసిన నోటితో ‘ఊ’ అంటుంది. వేళ్ల వైపు నొక్కుతూ పోతే నోరు తెరిచి ‘వా’ అంటుంది. లోపల ఉండే వస్తువులు కూడా ఎక్కువేమీ కావు. ఒక తీగచుట్ట, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు, పాదంతో తిరిగే ఒక కంట్రోలు, ఒక స్విచ్చు. ఏది మార్చినా గొంతు మారుతుంది.

నేను ఆదోని టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యాను. లైనులో గురగుర విని, తడి చేరిందో జాయింటు వదులైందో చెప్పడం నా పని. సాయంత్రాలు ఆర్కెస్ట్రాలో గిటార్. రెండు చోట్లా నన్ను పోషించినవి చెవులే. అందుకే వాటి మీద నాకు అప్పటిదాకా ఎన్నడూ అనుమానం రాలేదు.

మా ఆర్కెస్ట్రాను నడిపేవాడు ఎమ్మిగనూరు మనిషి. కీబోర్డు వాయిస్తాడు, పగలు మగ్గం నేస్తాడు. వయసులో నాకంటే చిన్న, నన్ను అన్నా అంటాడు. ప్రాక్టీసు మాత్రం ఆదోనిలో, పాటలంటే ఇష్టమున్న ఒక పత్తి వ్యాపారి గోదాములో. పత్తి బేళ్ల మధ్య నిలబడి చప్పట్లు కొడితే ఆ శబ్దం చేతుల దగ్గరే చచ్చిపోతుంది. అందుకని మాలో ఒక అలవాటు పడింది. శ్రుతి తప్పినా, తాళం జారినా, మైకు పలకకపోయినా “పత్తి మింగింది లేప్పా” అనేవాళ్లం. నవ్వుకొని మళ్లీ మొదలుపెట్టేవాళ్లం.

పాత పెడల్‌లో కంట్రోలు అరిగి, ఊపినప్పుడల్లా గరగరమంటుంటే, కొత్తది కొనడానికి బెంగళూరు వెళ్లాను. షాపులో మూడింటిని వాయించి చూశాను. మొదటి రెండూ దుప్పటి కప్పుకొని పాడినట్టున్నాయి. మూడోది తీసుకుంటానంటే షాపతను కన్నడంలో, అది మరీ కీచుగా ఉంటుందని చాలామంది తిరిగి ఇచ్చేశారని చెప్పాడు. అందరికీ కీచుగా ఉన్నది నాకు సరిగ్గా ఉందంటే అది నా అనుభవం అనుకున్నాను. కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

గోదాముకు తెచ్చి వాయిస్తే, వేళ్ల వైపు చివర ఇంకా మందంగానే ఉంది. ముందు స్విచ్చును అనుమానించాను. కొన్ని పెడల్స్‌లో ఆఫ్ చేసినా లోపలి సర్క్యూట్ గిటార్ శబ్దాన్ని పట్టుకొనే ఉంటుంది, అందులోని పైస్థాయిని కొంత తినేస్తుంది. ఇది తెలిసిన లోపమే. ఆఫ్ చేయగానే సర్క్యూట్‌ను రెండు వైపులా పూర్తిగా తెంపేసే స్విచ్చు వేశాను. కీబోర్డు మిత్రుడు తేడా తెలుస్తోందన్నాడు. నాకు సరిపోలేదు. పత్తి మింగుతోంది, దానికి తగ్గట్టు పెంచాలి అనుకున్నాను.

‘వా’ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో నిర్ణయించే చిన్న కెపాసిటర్ ఒకటి ఉంటుంది. దాని విలువ తగ్గిస్తే గొంతు మొత్తం పైకి పోతుంది. తగ్గించాను. వారం తర్వాత ఇంకా తగ్గించాను. తీగచుట్టకు అడ్డంగా ఉండే రెసిస్టర్‌ను పెద్దది చేసి మొన పదునెక్కించాను. చేసిన ప్రతి మార్పూ నా డైరీలో ఉంది. పక్కన ‘కారణం’ అని రాసి, గీత గీసి ప్రతిసారీ ‘పత్తి’ అనే రాశాను. మిగతావాళ్లు ఏమీ అనలేదు. వాళ్ల దగ్గరకు చేరేలోపు ఆ పదునును బేళ్లు నిజంగానే మెత్తబరుస్తున్నాయి మరి.

మేము వాయించాల్సిన ఉరుకుంద గుడి ఉత్సవాలు దగ్గరపడుతున్నప్పుడు గోదాములోకి కొత్త సరుకు దిగింది. మాకు నిలబడడానికి చోటు లేదు. ప్రాక్టీసును ఎమ్మిగనూరులో మిత్రుడి ఇంటికి మార్చాం. మగ్గం ఉండే గది. కింద బండలు, చుట్టూ రాతిగోడలు. నేను పెడల్‌ను ముందుకు నొక్కి ఒక్క స్వరం మీటానో లేదో, మిత్రుడు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

“ఓయన్నా! ఆపు, ఆపు! సెవుల్లో సూది దిగినట్టుంది!”

లోపలి నుంచి అతని భార్య పరుగున వచ్చింది. “ఏందప్పా అది? ఏమన్నా పగిలిందా?”

“పగల్లేదమ్మా. ఇన్నాళ్లకి ఇప్పుడే కొంచెం స్పష్టంగా వచ్చింది” అన్నాను.

“స్పష్టంగానా! మా ఈదిలో కుక్కలన్నీ లేసినాయి, బయటికొచ్చి సూడన్నా” అన్నాడు మిత్రుడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే గది చుట్టూ చూశాను. మగ్గం మీద సగం నేసిన పంచె తప్ప ఎక్కడా పత్తి లేదు.

ఆదోనికి తిరిగొచ్చే బస్సులో మాటిమాటికీ చెవి దగ్గర వేళ్లు రుద్దుకొని చూసుకున్నాను. పక్క సీటాయన చెవినొప్పా అని అడిగాడు. అవునన్నాను. ఇంటికి చేరేసరికి కరెంటు లేదు. వసారాలో కూర్చుంటే మా ఆవిడ లోపలి నుంచి కేకేసింది.

“ఆ ఇన్వర్టర్ అంతసేపట్నుంచి కీచుమంటాంటే ఆపరేమి? దాని పక్కనే కూసున్నారు గదా!”

లేచి వెళ్లి దాని ముందు నిలబడ్డాను. ఎర్రలైటు వెలిగి ఆరుతోంది. శబ్దం లేదు. ఉందని ఆమె అంటోంది. చేత్తో తడిమి బటన్ నొక్కితే, “అమ్మయ్య” అంది.

మర్నాడు పొద్దున ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి, ఒకే స్వరం మీటుతూ పెడల్‌ను మెల్లగా ముందుకు నొక్కాను. సగం దాటాక నాకు శబ్దం పలచబడి దూరమైపోయింది. అక్కడ పెడల్ అంచు మీద సుద్దతో గీత గీశాను.

“ఇంకా వినపడ్తాందా?”

“వినపడ్తాంది.”

“ఇప్పుడు?”

“వినపడ్తానే ఉంది. ఇంగ సాలు, తల నొస్తాంది నాకి.”

సుద్దగీత దగ్గర నుంచి పెడల్ చివర దాకా బొటనవేలంత దూరముంది. అంత మేర ఇన్నాళ్లూ నేను ఏమి వాయించానో నాకే తెలియదు.

చెవుల పరీక్షకు వెళ్లాను. పరీక్ష చేసే అమ్మాయి నన్ను అద్దపు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా నొక్కమని చేతికి ఒక బటన్ ఇచ్చి, అవతలికి వెళ్లింది. మొదట బాగానే వినబడింది. తర్వాత నిశ్శబ్దం. ఉద్యోగంలో ఉన్నప్పుడు లైనులో నిశ్శబ్దం వస్తే ఎక్కడో తీగ తెగిందని అర్థం. ఇక్కడ ఆమె ఏమీ పంపడం లేదా, పంపినది నాలో ఎక్కడో తెగిపోతోందా? అద్దం అవతల ఆమె చేయి కదులుతోంది. భయంతో ఆ చేతిని చూసి బటన్ నొక్కాను. మళ్లీ నొక్కాను.

ఆమె తలుపు తీసి లోపలికి వచ్చింది. “అంకుల్, నేను ఏమీ పెట్టకముందే నొక్కుతాండారు. వినపడితేనే నొక్కండి. ఇది పాసయ్యే పరీక్ష కాదు” అని నా కుర్చీని గోడవైపు తిప్పింది.

తర్వాత కాగితం మీద చూపించింది. రెండు చెవుల గీతలూ కొంతదూరం సమంగా నడిచి, పైస్థాయి దగ్గర గట్టు మీద నుంచి జారినట్టు కిందికి పోయాయి. పోయింది తిరిగి రాదంది. ఇంకా పోతుందా అని అడిగితే, కొందరికి నిలుస్తుంది, కొందరికి జారుతుంది, ఏటా వచ్చి చూపించుకోండి అంది. చెవికి మిషను పెట్టుకుంటే మాటలు తేటపడతాయట. పాట మాత్రం కొంచెం వేరేగా వినబడుతుందట.

మిత్రుడికి చెప్పక తప్పదు. చెబితే ఉరుకుంద స్టేజీ మీద నా చోటు పోతుంది. అక్కడ పోతే మళ్లీ ఎక్కడా నిలబడనివ్వరు. అయినా ఎమ్మిగనూరు వెళ్లాను. అతను మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని నేస్తున్నాడు.

“నాకి పైసౌండు వినపడటం ల్యాదప్పా” అన్నాను.

మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆగింది. “అయితే మనం పత్తిని ఇన్ని దినాలు ఊరికే తిట్టినామా?” అన్నాడు. నాకు నవ్వు రాలేదు. అది చూసి గుంటలోంచి లేచి వచ్చాడు. “నువ్వు గాకుంటే ఎవురు వాయిస్తారన్నా? ఆ సూది మాత్రం తీసేయి. మందంగా ఉన్నా పర్వాల్యా, కూడినోళ్లు లేసి పోకుంటే సాలు.”

ఈసారి తిరగేసి పనిచేశాను. ఆ కెపాసిటర్ తీసి పెద్ద విలువది వేశాను. రెసిస్టర్ తగ్గించి మొన మొద్దుచేశాను. పెడల్‌ను చివరిదాకా నొక్కినా శబ్దం నా చెవి నుంచి జారిపోని చోటు దొరికేదాకా మారుస్తూ వచ్చాను. నాకు వినబడనిది ఆ పెట్టెలో ఇక ఉండకూడదు. విని మిత్రుడు, “ఇంతకుముందు అరిసేది, ఇప్పుడు గొణుగుతాంది. ముసిలాయన గొణిగినట్టే ఉంది లే” అని ఒప్పుకున్నాడు.

ఉరుకుందలో జనం బస్సులు దిగి వస్తూనే ఉన్నారు. వాయించినంతసేపూ నేను తీగల వైపు చూడలేదు. పెడల్ ముందుకు నొక్కిన ప్రతిసారీ మిత్రుడి ముఖమే చూశాను, కనుబొమలు ముడిపడతాయేమోనని. పడలేదు. చివరి పాటలో మాత్రం, పూర్తిగా ముందుకు నొక్కినప్పుడు, శబ్దం కొంచెం పలచబడినట్టు తోచింది. స్పీకర్లా, గాలా, నేనా? ఎవరినీ అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది.

ఇంటికి వచ్చాక, పెడల్ గొంతును ఇప్పటికంటే ఇంకా కిందికి దించే పెద్ద విలువ కెపాసిటర్లు రెండు కొన్నాను. ఇవాళ మూత బిగించే ముందు వాటిని పెడల్ లోపల టేపుతో అంటించాను. ఒకటి వచ్చే ఏటికి. రెండోది ఎప్పటికో నాకు తెలియదు.