చేతి మాటలకు సరిపడే వేగం

మా పెదనాన్నకు చిన్నప్పుడు పెద్ద జ్వరం వచ్చి వినికిడి పోయింది. మాట కూడా ఆ వయసులోనే ఆగిపోయింది. పెద్దయ్యాక కడపలో స్టీలు, ఇత్తడి సామాన్ల అంగడి పెట్టాడు. పెళ్లయిన నాటి నుంచీ పెద్దమ్మ కూడా ఆ అంగట్లోనే ఉండేది. వాళ్లిద్దరికీ చేతులతో మాట్లాడుకునే భాష ఒకటి ఉండేది. ఎవరూ నేర్పింది కాదు, కాపురం చేస్తూ వాళ్లే కల్పించుకున్నది. పెద్దమ్మ గల్లాపెట్టె దగ్గర, పెదనాన్న బిందెల వరస దగ్గర నిలబడి, మధ్యలో ఎంతమంది ఉన్నా వాళ్ల తలల మీదుగా మాట్లాడుకునేవాళ్లు. కొనడానికి వచ్చినవాళ్లు బేరం మరిచిపోయి చూసేవాళ్లు.

నేను కంప్యూటర్ డిగ్రీ ముగించి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, పెదనాన్న కర్నూలులో రెండో అంగడి తెరిచాడు. అది కుదురుకునేదాకా తానే అక్కడ ఉండాలనుకున్నాడు. కడప అంగడి పెద్దమ్మ చూసుకోవాలి. తోడుగా నేను వెళ్లి కూర్చునేదాన్ని.

అంతవరకూ వాళ్లిద్దరూ ఒకరిని విడిచి ఒకరు ఉన్నది లేదు. ఫోను ఆయనకు పనికిరాదు. అప్పటి సెల్‌ఫోన్లలో మెసేజీలు ఇంగ్లీషు అక్షరాల్లోనే వచ్చేవి, ఆయన చదువుకున్నది తెలుగు ఒక్కటే. ఏదైనా చెప్పాలంటే కర్నూలు అంగట్లో పనిచేసే అతనికి ఫోను చేసి, అతను ఆయనకు సైగ చేసి చెప్పాలి.

"మొగుడూ పెండ్లాల మాట మూడో మనిషి చేతిలో పడితే ఏం బాగుంటాది పాపా" అనేది పెద్దమ్మ.

దొంగల భయానికి రెండు అంగళ్లలోనూ వాకిలి మీద ఒకటి, లోపల ఒకటి కెమెరాలు పెట్టించారు. ఇంటర్నెట్ ఉంటే ఎక్కడినుంచైనా చూడగలిగే నెట్‌వర్క్ కెమెరాలు. బిగించిన రోజు సాయంత్రం కర్నూలు అంగడి మా కంప్యూటర్ తెర మీదికి, మా అంగడి అక్కడి తెర మీదికి వచ్చాయి. పెదనాన్న కెమెరా ఎదుటికి వచ్చి చేతులెత్తి ఏదో అన్నాడు. పెద్దమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. కానీ బొమ్మ ఎగిరెగిరి పడుతోంది. చెయ్యి ఒకసారి ఛాతీ దగ్గర కనిపించి, మరుక్షణం నుదుటి దగ్గర తేలుతోంది. మధ్యలో అది ఎటు తిరిగిందో తెలియడం లేదు.

"సగం మాటలు మింగేస్తాండాది ఇది" అంది పెద్దమ్మ.

కెమెరాతో వచ్చిన పుస్తకం చివర్లో మాటలకు అర్థాలు రాసిన పేజీలు కొన్ని ఉన్నాయి. అన్నీ ఇంగ్లీషులోనే. నాకు డిగ్రీలో విన్న మాటలే, కానీ ఎవరికైనా విడమరిచి చెప్పే అవసరం అంతకుముందు రాలేదు. పెదనాన్న ఆదివారం బస్సుకు వచ్చి, కాళ్లు కడుక్కుని, నా ఎదురుగా కూర్చున్నాడు. ఆ పేజీలు చూపించి ఒక్కొక్కటీ చెప్పమన్నాడు. నేను చెబుతుంటే పెద్దమ్మ చేతులతో ఆయనకు అందించింది.

వీడియో అంటే వరసగా వచ్చే ఫొటోలని చెప్పాను. సెకనుకు ఎన్ని ఫొటోలు వస్తే అది ఫ్రేమ్ రేటు. ఒక్కో ఫొటోలో ఎన్ని చుక్కలు ఉంటే అది రిజల్యూషన్. మన ఇంటర్నెట్ లైనులో సెకనుకు ఎంత సమాచారం పోగలదో అది బ్యాండ్‌విడ్త్. పెదనాన్న లోపలికి వెళ్లి ఒక బిందె, ఒక చెంబు తెచ్చి నా ముందు పెట్టాడు. పెరట్లో కొళాయి వైపు చూపించాడు. ఆయన చేతులను చూస్తూ పెద్దమ్మ చెప్పింది.

"కొళాయి ఒకటే అంటాండాడు. దాని కింద బిందెలు పెడితే నిదానంగా ఒకటో రెండో నిండుతాయి. చెంబులు పెడితే గబగబా శానా నిండుతాయి. అంతేనా?"

అంతే. నేను అరపేజీ చెప్పింది ఆయన రెండు పాత్రల్లో పెట్టేశాడు. తర్వాత చెంబు నా వైపు జరిపి, తన ముఖం చూపించి చెయ్యి ఊపేశాడు. పెద్దమ్మ వైపు తిరిగి వేళ్లు ఆడించాడు.

పెద్దమ్మ నవ్వింది. "మొగం తెలిసిందేనంట. చేతులు కనపడితే సాలంట."

అలా రిజల్యూషన్ తగ్గించి ఫ్రేమ్ రేటు పెంచాం. కెమెరాలు బిగించినతను వచ్చి చూసి, ఇంత చిన్న బొమ్మలో దొంగ ముఖం గుర్తుపట్టలేరని హెచ్చరించాడు.

"వాకిలి మీది కెమెరా దొంగకు ఉండాదిలేప్పా, ఇది మాకు" అంది పెద్దమ్మ.

ఆ తర్వాత కూడా చేతులు కొన్నిసార్లు మసకబారేవి. పంపేముందు కెమెరా బొమ్మను నొక్కి చిన్నది చేస్తుంది, దాన్ని కంప్రెషన్ అంటారని, వెనకాల మెరుపులూ గీతలూ ఎక్కువుంటే ఆ పని కష్టమవుతుందని నేను చెప్పాను. మర్నాటికల్లా కర్నూలులో ఆయన వెనక తళతళలాడే పళ్లేల వరస మాయమై, ఖాళీ గోడ కనిపించింది. ఇక్కడ పెద్దమ్మ పూల చీరలు మాని సాదా చీర కట్టుకుని వచ్చింది. ఇద్దరి చేతులూ కడిగినట్టు తెలిశాయి. ఒక మనిషితో మాట్లాడడానికి అంగడిని సర్దుకున్నవాళ్లను నేను ఇంకెక్కడా చూడలేదు.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం తెర మీద పెదనాన్న ఛాతీ మీద చెయ్యి వేసుకుని, పక్కకు ఒరిగి ఉన్నాడు. ఎంతసేపు చూసినా కదలడం లేదు. పెద్దమ్మ ఫోను అందుకుంది. అంగడికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. పనిచేసే అతను అన్నానికి వెళ్లే వేళ అది, ఆయనకేమో గంట వినపడదు. పక్కనున్న బట్టల అంగడికి చేసింది.

"ఏమప్పా, మా ఇంటాయన ఎట్లుండాడో రోంత చూడప్పా!"

అవతల అతను బయటికి వెళ్లి చూసి వచ్చేదాకా ఆమె నా భుజం పట్టుకునే ఉంది.

"గాబరా పడొద్దక్కా. ఈడ కరెంటు పోయిండాది. అన్న వాకిట్లో నిలబడి చొక్కాతో ఇసురుకుంటాండాడు."

ఆయన పక్కకు వంగి చొక్కా జేబులోంచి ఏదో తీసుకుంటుండగా కరెంటు పోయి, ఆఖరి ఫొటో అలాగే తెర మీద నిలిచిపోయింది. సంగతి తెలిసి పెదనాన్న ఆ ఆదివారం వచ్చినప్పుడు, బొమ్మ మూలన నడిచే గడియారం అంకెలను పెద్దమ్మకు చూపించాడు. అంకెలు కదులుతుంటే తాను ఆ క్షణం అక్కడున్నట్టు, ఆగితే అది పాత బొమ్మ, భయపడవద్దు అని చేతులతో చెప్పాడు. పుస్తకంలో దాని పేరు టైమ్‌స్టాంప్. ఆయన చూపుడువేలితో మణికట్టు మీద రెండుసార్లు తట్టి దానికి తమ భాషలో ఒక మాట చేశాడు. పెద్దమ్మ కళ్లు తుడుచుకుని, అలాగే తట్టి చూపించింది.

ఆ ఏడాది చివరికి కర్నూలు అంగడి కుదురుకుంది. దాన్ని నమ్మకమైన మనిషికి అప్పగించి పెదనాన్న కడపకు వచ్చేశాడు. మర్నాడు అంగట్లో జనం పలచబడ్డాక ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాటల్లో పడ్డారు. ఇన్ని నెలలు తెర ముందు కూర్చుని వాళ్ల భాష చాలావరకు పట్టుబడిందనుకున్నాను. కానీ తెర కోసం నిదానించే పని లేక ఆ రోజు వాళ్ల చేతులు తిరిగిన వేగానికి నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.