అంజయ్య అప్పగించిన తాళంచెవి

మా కాలనీకి పెద్దదిక్కు, దిల్‌సుఖ్‌నగర్ చీరల వ్యాపారి అంజయ్య ఇక లేరు. ఆ దుర్వార్త చెవిన పడగానే నేను నిలువునా కుప్పకూలాను. ఆయన అంతిమయాత్రకు ఎల్బీనగర్ చౌరస్తా జనసంద్రమైంది. దిల్‌సుఖ్‌నగర్ బజారంతా షట్టర్లు దించి అశ్రుతర్పణం చేసింది.

మొదటి వాక్యం తప్ప మిగతాది నమ్మకండి. నేను కూలిపోలేదు, చేతిలో ఉన్న చాయ్ పూర్తిగా తాగాను. వచ్చినవాళ్లు నలభై మంది. మూతపడింది ఒక్కటే దుకాణం, అది ఆయనదే. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు కూర్చుని ముప్పై అయిదేళ్లు దస్తావేజులు రాసినవాణ్ని. పెంచి రాయడం నా చేతికి పట్టిన జబ్బు. అంజయ్య గురించి రాయాలంటే ఆ జబ్బు గురించీ రాయాలి. అందుకే భయంగా ఉంది.

అంజయ్యది పోచంపల్లి దగ్గరి నేత కుటుంబం. మా కాలనీ ఇంకా అల్మాస్‌గూడ పక్కన చిన్న పల్లెగా ఉన్న రోజుల్లో వాళ్ల నాయన మగ్గంతో సహా ఇక్కడికి వచ్చాడు. అంజయ్య సత్యనిష్ఠ అనన్యసామాన్యం, ఇది మాత్రం పెంచి రాస్తున్నది కాదు. ఒకసారి దుకాణంలో పనివాడు అచ్చు చీరను చేనేత అని ఒకామెకు అంటగడుతున్నాడు. గద్దె మీంచి అంజయ్య అందుకున్నారు: "తిరగేసి చూడు బిడ్డా. నేసిందైతే రెండు దిక్కుల రంగు ఒక్కతీరుగ ఉంటది. గిది ఎనక ఎలిసిపోయింది చూడు."

ఆమె కొనకుండా వెళ్లిపోయింది. "గిట్లయితే నీ దుకాణం నడుస్తదా?" అన్నాను.

"నడువకుంటె కూసుంటది. నాకు గూడ కాళ్లు నొస్తున్నయి, రైటర్ సాబ్."

మా కాలనీ మూలన ఒక పీర్లకొట్టం ఉంది. మొహర్రంకు పీర్లను నిలబెట్టే రేకుల గది అది. దాన్ని చూసుకునే ఖాజా కుటుంబం హయత్‌నగర్‌కు మారుతూ తాళంచెవిని అంజయ్య నాయన చేతిలో పెట్టింది. తర్వాత అది అంజయ్య మొలతాడుకు చేరింది. ఏటా ఆయనే కొట్టం ఊడ్చి, సున్నం వేయించి, పీర్లకు కట్టే దట్టీల కోసం తన దుకాణంలోంచి కొత్త గుడ్డ చింపేవారు. ఖాజా మనుమలు వచ్చి పీర్లను ఎత్తుకునేవారు. వినాయక చవితికి మండపంలో మొదటి కొబ్బరికాయ కొట్టేదీ, బాలాపూర్ లడ్డూ వేలానికి నన్ను లాక్కుపోయేదీ కూడా ఆయనే. రెండూ ఎట్లా కుదురుతాయని అడిగితే విస్తుపోయి చూశారు. "కుదిరిచ్చేటిది ఏముంది? గుడి కాడికి పోతె గుడి కాడ ఉంట, కొట్టం కాడికి పోతె కొట్టం కాడ ఉంట."

రెండేళ్ల కిందట యువజన సంఘం నాయకుడు శ్రీకాంత్ మా ఇంటికి వచ్చాడు. ఈసారి కార్పొరేటర్‌గా నిలబడాలని చూస్తున్నవాడు. "తాతా, చవితికి పుస్తకం ఏస్తున్నం. మన జాగకు జర చరిత్ర రాయి" అని శాలువా కప్పాడు. శాలువా కప్పితే నేను ఏమైనా రాస్తాను. పీర్లకొట్టం ఉన్న స్థలంలో అనాదిగా ఒక మహాదేవాలయం విరాజిల్లేదని రాశాను. చేతి అలవాటు చొప్పున నాలుగు హద్దులూ వేశాను: తూర్పున పాడుబావి, పడమర నల్లబండ, ఉత్తరాన వాగు, దక్షిణాన బండ్లబాట. హద్దులన్నీ నిజమే, నా కిటికీలోంచి కనిపించేవే. మధ్యలో పెట్టిన గుడి మాత్రం నా కలంలోంచి వచ్చింది.

ఈ ఏడు ఆ వాక్యాలు ఫ్లెక్సీ ఎక్కాయి, ఫోన్లలో తిరిగాయి. శ్రీకాంత్ మనుషులు టేపు పట్టి కొలిచారు. హద్దులు సరిపోయేసరికి గుడి కూడా ఖాయమైపోయింది. కొట్టం తీసేయాలని అర్జీ తయారైంది. దానికి జతచేసిన ఆధారం ఒక్కటే, నా వ్యాసం.

అంజయ్య ఆ పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"గిది ఎవరు చెప్తె రాసినవ్?"

"పెద్దలు."

"ఏ పెద్దలు? గీ కాలనీల నీకన్న పెద్దోణ్ని నేనొక్కన్నే గదా. నేను చెప్పలే." కాగితం తిరగేసి నా ముందు పెట్టారు. నా చరిత్ర వెనక పేజీలో ప్లాట్ల వెంచర్ ప్రకటన ఉంది. "ఎనక దిక్కు చూసినవా? ఆ కొట్టం గోడలకు మట్టి తొక్కింది మా నాయిన. అంతకుముందు ఆడ ఆముదం చేను. నేను పిలగాన్ని, కండ్లార చూసిన. అబద్ధం రాసిన అని రెండు లైన్లు రాయి, సాలు."

"పండుగ కానియ్యి."

"ఏ పండుగ? నీదా, నాదా, ఖాజాదా?"

నేను రాయలేదు. ఆయనే కాలనీ మీటింగులో లేచి ఆముదం చేను సంగతి చెప్పారు. "పేపర్ల ఉంది గదా తాతా" అని వెనకనుంచి శ్రీకాంత్ మనుషులు నవ్వారు. "రాసినోడు గీడనే కూసున్నడు, అడుగుర్రి" అన్నారు అంజయ్య. అందరూ నా వైపు తిరిగారు. నేను కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "విషయం అతి పురాతనమైనది" అన్నాను. చప్పట్లు కొట్టారు. తిరిగి వచ్చేటప్పుడు నాకు చూపు ఆనదని అంజయ్యే చేయి పట్టుకుని రోడ్డు దాటించారు. నెల తిరగకముందే ఆయన గుండె ఆగిపోయింది.

ఆ చాయ్ ఎందుకు పూర్తిగా తాగానో ఇప్పుడు చెప్పాలి. కబురు వినగానే ముందు కలిగింది దుఃఖం కాదు, ఊరట. ఇక నన్ను అడిగేవాడు లేడు. రెండో గుక్కకు మరో సంగతి తట్టింది. ఇక కాదనేవాడూ లేడు. నేను పుట్టించిన గుడి ఇప్పుడు నా మాటా వినదు.

దశదినకర్మ నాడు ఆయన భార్య లక్ష్మమ్మ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీకియ్యుమన్నడన్నా."

"నాకెందుకు చెల్లే? నాకు భయం."

"గదే అన్నడు. రైటర్ సాబ్‌కు భయమెక్కువ, తాళం పడ్డదా లేదా అని నాలుగుసార్లు చూస్తడు అన్నడు."

నిన్న శ్రీకాంత్ ఫోన్ చేశాడు. "అంజయ్య తాత మీద రాస్తున్నవంట గదా. అచ్చుకు పోయేముందు జర మాకు చూపియ్యి తాతా. రోజు వాకింగుకు పోతవ్, పెద్దమనిషివి." గొంతులో ఎంతో మర్యాద ఉంది. ఈ రోజు నేను వాకింగుకు పోలేదు.

చూపించకుండానే ఈ చేనేత సంఘం పత్రికకు పంపుతున్నాను. ఎవరి ప్రోద్బలం లేకుండా, స్వబుద్ధితో, మిక్కిలి భయంతో రాసి ఇస్తున్న రద్దు దస్తావేజు ఇది. తూర్పున పాడుబావి, పడమర నల్లబండ, ఉత్తరాన వాగు, దక్షిణాన బండ్లబాట. మధ్యన పీర్లకొట్టం, అంతకుముందు ఆముదం చేను. గుడి నేను కల్పించినది. మొదటి సాక్షి అంజయ్య. చనిపోయినవాడి సంతకం చెల్లదని నాకు తెలుసు. రెండో సాక్షి సంతకం చోటు ఖాళీగా ఉంది.

ఆ చేను చూసిన చివరి కళ్లు మూతపడ్డాయి. అటువంటి కళ్లను ఈ కాలనీ మళ్లీ ఎక్కడినుంచీ తెచ్చుకోలేదు. ఆ మహనీయునికి నా అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడం తప్ప మరో నివాళి నా దగ్గర లేదు.

మొహర్రం దగ్గరపడింది. రేపు పొద్దున కొట్టం ఊడ్వాలి. తాళంచెవి కొండంత బరువుగా ఉందని రాయబోయాను. లేదు, తేలికగానే ఉంది. మొలతాడుకు కట్టుకున్నాను, అంతే.