కప్పును అడిగి కూర్చున్న మనిషి

మావయ్యగారు పోయారని అల్లవరం నుంచి అత్తయ్య ఫోన్ చేసినప్పుడు నేను ఎవరినో తిడుతూ ఒక వ్యాసం రాస్తున్నాను. "మీ మావయ్య తెల్లారగట్ల వెళ్లిపోయేరు రా. దగ్గు ఆగింది" అంది. ఆ రెండో మాట విన్నాక వ్యాసం ముందుకు సాగలేదు.

మా మేనత్త భర్త ఆయన. పెళ్లయిన కొత్తలో, తుపానుకి కొబ్బరితోట నేలకూలితే, గోదావరి వెంబడే ఎగువకి వెళ్లి బొగ్గు గనిలో చేరారు. రిటైరయ్యాకే తిరిగొచ్చారు. కోనసీమలో గల్ఫు వెళ్లొచ్చినవాళ్ల చుట్టూ జనం మూగుతారు. నేల కిందకి వెళ్లొచ్చినవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. నేను అడిగాను. అడిగి ఊరుకోలేదు, వాదించాను కూడా.

ఎవరింటికెళ్లినా కూర్చునే ముందు చేతికర్రతో పైకప్పును తట్టి వినడం ఆయన అలవాటు. పెంకుటిల్లయినా, పాకైనా అంతే. సఖినేటిపల్లి రేవులో టీ బడ్డీ రేకుని కూడా వదిలేవారు కాదు. "పడదండి బాబూ, పోయిన వారమే మేకులు కొట్టించేను" అని బడ్డీ అతను మొత్తుకునేవాడు. ఈయన నవ్వకుండా విని, "ఆయ్, కంగుమంటంది. ఇప్పుడు పొయ్యి టీ" అనేవారు.

గనిలో నేర్చిన పని అది. పైన బండ గట్టిగా ఉంటే కంగుమంటుంది, వదులైతే డొల్లగా పలుకుతుంది. ఆయన చేరిన రోజుల్లో పలుగూ, పారా, తట్టా. బొగ్గు నింపిన ఇనుప తొట్లను మనుషులే తోసేవారు. కప్పుకి ఆసరా కర్ర దుంగలు. బొగ్గు తీసేసిన ఖాళీలో గోదావరి ఇసుక నింపేవారట. "మన ఏరే రా మమ్మల్ని మోసింది" అనేవారు గర్వంగా. తర్వాత యంత్రాలొచ్చాయి, దుమ్ము పెరిగింది. అందులో ఆయన వాటా ఊపిరితిత్తుల్లో మోసుకొచ్చారు. అమలాపురంలో డాక్టరు వీపు మీద వేళ్లతో తట్టి వింటుంటే, "ఏమంటందండి కప్పు? డొల్లేనా?" అని అడిగారు. డాక్టరుకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది, కోపమూ వచ్చింది.

ఒకసారి గనుల మీద నా ఉపన్యాసానికి వచ్చి చివరి వరసలో కూర్చున్నారు. ఇంటికొచ్చాక, "అన్నీ చెప్పేవు. మేం కింద పాటలు పాడుకునేవాళ్లమని మాత్రం చెప్పలేదు" అన్నారు. ఆ పాటలు ఆ సాయంత్రం పాడించుకున్నాను. దగ్గు మధ్యలో పాడారు.

మా తగువంతా ఒక్క సంగతి మీదే. ఒక రోజు అన్నాల వేళ ఆయన జతగాడు కప్పు తట్టకుండానే కూర్చుని క్యారియర్ విప్పాడు. బండ జారి అతని మీద పడింది. తట్టే కర్ర పక్కనే ఉన్న మావయ్యగారి చేతిలో ఉంది. విచారణ కాగితంలో కార్మికుల అజాగ్రత్త అని రాశారు. ఆయన దాన్ని నమ్మారు. అదీ నా మంట. "ఆకలేసి మర్చిపోయేను రా" అనేవారు. దుంగలు సరిపడా పంపనివాళ్ల తప్పు మీ నెత్తిన ఎందుకు వేసుకుంటారని గొంతు చించుకునేవాణ్ణి. చచ్చినవాణ్ణే ముద్దాయిని చేసే కాగితాలకి ఈ దేశంలో కరువా? ఆయన మజ్జిగ గ్లాసు దించి, "నువ్వెంత అరిచినా కప్పు వినదు కదా" అనేవారు.

పోయిన నెల వెళ్లినప్పుడు మంచం మీద ఉన్నారు. నేను వాదించలేదు. ఆయనే ఆగి ఆగి అన్నారు: "ఆ రోజు దుంగలు రాలేదు రా. మూడు రోజులనించీ అడుగుతున్నాం."

ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోట మొదటిసారి విన్నాను. గెలిచాననుకునే లోపే కళ్లు మూసుకుని, "అయినా తట్టాల్సిందే" అన్నారు.

ఆ పాత కాగితం దిద్దడం నా చేతిలో లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు దుంగలు రాలేదు.

మొన్న పెద్దకర్మకి పెరట్లో కొబ్బరాకుల పందిరి వేశారు. విస్తళ్లు పరిచారు, జనం కూర్చోబోతున్నారు. అత్తయ్య లోపలికెళ్లి ఆయన కర్ర తెచ్చింది. ఒక్కొక్క గుంజనీ, పైన వెదుళ్లనీ తట్టి, తల వంచి విన్నది. చివరి గుంజ దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడి, మళ్లీ ఒకసారి తట్టింది.

"ఆయ్, కూర్చోండి" అంది.