ఎక్కడికని అడగలేదు

యూరప్‌లో మ్యాపు మీద వేలు పెడితే కనపడకుండా పోయేంత చిన్న దేశం ఒకటుంది. వెల్లింగ్టన్‌లో దాని రాయబార కార్యాలయంలో నేను రెండేళ్ళు డ్రైవర్‌గా పనిచేశాను. చదవడానికొచ్చింది కంప్యూటర్లు, చేతికొచ్చింది స్టీరింగు. నా వర్క్ పర్మిట్ ఆరు వారాల్లో అయిపోతుంది. పొడిగించాలంటే మా రాయబారి మేడమ్ సంతకంతో ఉత్తరం కావాలి. ఆవిడ "చూద్దాం" అని నెల దాటింది. అద్దంలో ఆవిడ మొహం కనపడితే చాలు, నాకు ఆ ఉత్తరమే గుర్తొచ్చేది.

ఇరాక్ యుద్ధం నడుస్తున్న రోజులు. పెద్ద మిత్రదేశం అడిగిందని ఆ చిన్న దేశం కొద్దిమంది సైనికుల్ని పంపి, ఇప్పుడు వెనక్కి పిలిపించుకుంటానంది. పెద్ద దేశంవాళ్ళకి కోపం వచ్చింది. ఇక్కడున్న వాళ్ళ రాయబారి, ఒకసారి వచ్చి మాట్లాడమని మేడమ్‌కి కబురు పెట్టాడు.

ఆ మధ్యాహ్నం మేడమ్ ఫైలు గుండెకి హత్తుకుని వచ్చి వెనక సీట్లో కూర్చుంది. "వాళ్ళ దగ్గరికే. మూడింటికల్లా ఉండాలి" అంది. ఎవరి దగ్గరికో తెలుసు. ఆయన ఆఫీసుకా, ఇంటికా అన్నదే తెలీదు. ఆఫీసు పార్లమెంటు వైపు, ఇల్లు సొరంగం అవతల సముద్రం ఒడ్డున. ఒక్క మాట అడిగితే అయిపోయేది. కానీ బయల్దేరేవాళ్ళని ఎక్కడికని అడిగితే వెళ్ళిన పని చెడుతుందని మా అమ్మ నెత్తిన మొట్టి మరీ నేర్పింది. అంత గండంలోకి వెళ్తున్న మనిషిని, నా ఉత్తరం ఆవిడ చేతిలో ఉండగా, నోరు తెరిచి అడిగి అపశకునం చెయ్యనా? ఎప్పుడూ టీకి తీసుకెళ్ళే ఇంటి దారే పట్టాను.

సొరంగంలో ఎవరో హారన్ కొట్టారు. ఈ ఊరివాళ్ళకి అక్కడ అదో సరదా. మేడమ్ తలెత్తి బయటికి చూసి, మళ్ళీ ఫైల్లోకి దించుకుంది. ఏమీ అనలేదు కాబట్టి దారి సరైనదే అనుకున్నాను.

గేటు దగ్గర కాపలా మనిషి వంగి చూశాడు. "ఇక్కడెవరూ లేరే. ఆయన ఆఫీసులో మీకోసం ఎదురుచూస్తున్నారు" అన్నాడు.

కారు ఎలా తిప్పానో, ఎలా వెనక్కి తోలానో గుర్తు లేదు. ఆఫీసు ముందు ఆపేసరికి మూడున్నర. మేడమ్ ఫైలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

బయట గాలి కారుని ఊపుతోంది. నాకు మాత్రం చెమటలు. రెండు దేశాల మధ్య తగువు నా వల్లే ముదిరిందని ఖాయం చేసుకున్నాను. ఊరి చివర జాన్సన్‌విల్ ఫ్లాట్‌లో ఏడో నెలతో ఉన్న మా ఆవిడకి ఏం చెప్పాలి? పెట్టెలు సర్దుకోమనాలా? కాన్పు ఎక్కడ, ఏ ఊళ్ళో? నిజంగా ఏడుపొచ్చింది.

గంట తర్వాత మేడమ్ వచ్చింది. సీటు బెల్టు పెట్టుకోబోతే రెండుసార్లు జారిపోయింది.

"ఎక్కడికని ఎందుకు అడగలేదు?" అంది.

అమ్మ మాట చెప్పేశాను. చెప్తుంటే నాకే సిగ్గేసింది. ఆవిడ నవ్వలేదు.

"సొరంగంలోనే చూశాను, దారి తప్పామని. అప్పుడే చెప్పొచ్చు. ఇంకో పది నిమిషాలు ఆయన మొహం చూడక్కర్లేదు కదా అని ఊరుకున్నాను."

ఆవిడ కూడా భయపడుతుందని అప్పటిదాకా నాకు తోచలేదు.

"లోపల మాత్రం, డ్రైవర్ కొత్తవాడు, దారులు తెలీవని చెప్పాను. ఎవరో ఒకరి మీద పెట్టాలి కదా. ఏమీ అనుకోకండి."

రెండేళ్ళనుంచి తోలుతున్న నేను "పర్లేదు మేడమ్" అన్నాను. ఒళ్ళు మండింది. మండినా అదే అన్నాను.

మర్నాడు పొద్దున్నే నా బల్ల మీద ఉత్తరం ఉంది, సంతకంతో సహా. వెల్లింగ్టన్ దారులన్నీ ఇతనికి కొట్టిన పిండని, ఇలాంటి డ్రైవర్ మాకు ఇంకొకరు దొరకరని రాసింది. దాన్ని తీసుకెళ్ళి ఇమిగ్రేషన్ ఆఫీసులో ఇచ్చాను. ఇచ్చిన దగ్గర్నుంచి, పర్మిట్ చేతికొచ్చేదాకా, నాకొకటే భయం: ఆ పెద్ద దేశంవాళ్ళూ, ఈ ఇమిగ్రేషన్‌వాళ్ళూ ఎక్కడైనా కలిసి, నా గురించి ఒక్క నిమిషం మాట్లాడుకుంటే?